బోరు నీటి సాఫ్ట్‌నర్ ప్లాంటును బాగుచేసుకోవడం ఎలా: రెజిన్ కొనే ముందు చూసుకోవాల్సిన లెక్కలు

"కొత్త రెజిన్ పోశాం. మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ గిన్నెల అడుగున తెల్లపొర కడుతోంది, కందిపప్పు ఉడకడం లేదని వార్డుల నుంచి ఫిర్యాదులు. ఎందుకిలా?" పట్టణ నీటి సరఫరా చూసే ఏఈలు (అసిస్టెంట్ ఇంజినీర్లు), పంపు ఆపరేటర్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు లోపం రెజిన్‌లో (నీటిలోని గట్టిదనాన్ని పట్టుకునే సన్నని గింజల్లో) ఉండదు. ఉప్పు ద్రావణం చిక్కదనం చాలకపోవడం, బ్యాక్‌వాష్‌కు (కిందినుంచి పైకి నీళ్లు పంపి రెజిన్ కడగడానికి) పంపు ఒత్తిడి లేకపోవడం, ట్యాంకు అడుగున పైపులు విరిగి ఉండటం లాంటివి అలాగే ఉంచి, వాటి మీద లక్షల రూపాయల రెజిన్ పోస్తున్నారు. పాత జబ్బే కొత్త రెజిన్‌కూ పడుతుంది.

ఇక్కడ రాసింది బోరు నీటిని మెత్తబరిచే, ఉప్పుతో రీజనరేట్ చేసే (పని అయిపోయిన రెజిన్‌ను తిరిగి పనికి తెచ్చే) రెజిన్ సాఫ్ట్‌నర్ల గురించి. సున్నంతో గట్టి నీటిని మెత్తబరిచే పెద్ద ప్లాంట్లది వేరే పద్ధతి.

ముందుగా ఒక్క మాట. మీ ఊరికి కృష్ణా నీళ్లో గోదావరి నీళ్లో పైపులైను ద్వారా వస్తుంటే, వాటిని బోరు నీటిలో కలిపి చూడండి. నది నీటిలో కఠినత్వం (గట్టిదనం, అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం) సాధారణంగా బోరు నీటి కంటే చాలా తక్కువ. కలిపితే సరిపోయే చోట సాఫ్ట్‌నర్ మీద ఖర్చు పెట్టనక్కర్లేదు. ఆ వీలు లేని చోటే, ముఖ్యంగా పల్నాడు లాంటి సున్నపురాయి నేలల్లో బోర్ల మీదే బతికే వార్డులకు, కింది పని అవసరం.

ఎంతవరకు తగ్గించాలి?

భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటిలో మొత్తం కఠినత్వం లీటరుకు 200 మి.గ్రా. వరకు ఉండొచ్చు. వేరే నీటి వనరు లేకపోతే 600 దాకా అనుమతి ఉంది. సున్నాకు తేవాల్సిన పని లేదు, తేవద్దు కూడా. రెజిన్ కాల్షియం, మెగ్నీషియం తీసుకుని బదులుగా సోడియం వదులుతుంది. లీటరుకు 1 మి.గ్రా. కఠినత్వం తగ్గితే 0.46 మి.గ్రా. సోడియం చేరుతుంది. 500 నుంచి 200కు దించితే 138 మి.గ్రా. సోడియం పెరుగుతుంది. సున్నాకు దించితే 230. లీటరుకు సుమారు 200 మి.గ్రా. సోడియం దగ్గర నాలుకకు తేడా తెలుస్తుంది. మీ బోరులో ముందే ఉన్న సోడియం దీనికి అదనం, దాన్ని కలుపుకుని లెక్కేయండి. బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు అడిగితే సోడియం ఎంత ఉందో చెప్పగలిగేలా ల్యాబ్ రిపోర్టు దగ్గర ఉంచుకోండి.

ఇంకో సంగతి. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్‌ను తీయదు. నల్లగొండ వైపు బోర్లలాగా ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీటికి ఇది మందు కాదు. ఫ్లోరైడ్ 1.5 మి.గ్రా. దాటితే ఇక్కడే ఆగి, వేరే దారి చూడండి.

కావాల్సినవి

కింది అంకెలన్నీ ఒక ఉదాహరణ ప్లాంటువి: రోజుకు 500 ఘనపు మీటర్లు (5 లక్షల లీటర్లు), బోరు నీటి కఠినత్వం 500, లక్ష్యం 200, పంపు నడిచేది రోజుకు 16 గంటలు. మీ అంకెలు పెట్టి ఇదే వరుసలో లెక్కేసుకోండి.

- 1.2 మీటర్ల వ్యాసం, కనీసం 2 మీటర్ల నిలువు ఎత్తు ఉన్న ట్యాంకులు రెండు. ఒకటి నీళ్లిస్తుంటే రెండోది రీజనరేషన్‌లో ఉంటుంది. పాత రబ్బరు లైనింగు ఉక్కు ట్యాంకులు బాగుంటే అవే చాలు.
- సోడియం రూపంలో ఉన్న స్ట్రాంగ్ యాసిడ్ కేటయాన్ రెజిన్, తాగునీటికి ధ్రువీకరణ ఉన్నది, ట్యాంకుకు 1,200 లీటర్లు. 25 లీటర్ల సంచుల్లో అయితే 48 సంచులు.
- అడుగు పైపులు, 0.2 మి.మీ. చీలికలున్న నాజిళ్లు.
- 80 మి.మీ. మల్టీపోర్ట్ వాల్వు లేదా ఐదారు డయాఫ్రమ్ వాల్వుల సెట్టు, దానికో కంట్రోలరు, పల్స్ ఇచ్చే నీటి మీటరు.
- ఉప్పు కరిగించే తొట్టి, గీతలున్న కొలత ట్యాంకు, ఎడక్టరు (నీటి ధారతో ఉప్పు ద్రావణాన్ని పీల్చి పలచన చేసే పరికరం). ఈ మూడింటి దగ్గర మామూలు ఇనుము ముక్క కూడా ఉండకూడదు. పీవీసీ, హెచ్‌డీపీఈ, ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్‌గ్లాస్) మాత్రమే వాడండి.
- రెండు రోటామీటర్లు (గంటకు ఎన్ని నీళ్లు పోతున్నాయో చూపేవి), ఒక గ్లోబ్ వాల్వు (నీళ్లు కలపడానికి).
- ట్యాంకు ముందూ వెనకా ప్రెషర్ గేజీలు, బయటికెళ్లే పైపు మీద రెజిన్ ట్రాప్, శాంపిల్ కుళాయిలు నాలుగు.
- కఠినత్వం కొలిచే ఈడీటీఏ కిట్, ఉప్పు చిక్కదనం చూసే హైడ్రోమీటరు.
- వాడిన ఉప్పు నీటికి విడి ట్యాంకు.

1. ఏడు రోజులు కొలవండి

కొనుగోలు ఆలోచన పక్కన పెట్టి వారం పాటు రాసుకోండి: గంటకు ఎన్ని ఘనపు మీటర్లు వెళ్తున్నాయి, ట్యాంకుకు ముందూ వెనకా ఒత్తిడి ఎంత, ఒక రీజనరేషన్‌కు ఎన్ని కిలోల ఉప్పు పోస్తున్నారు, ఎన్ని ఘనపు మీటర్ల తర్వాత నీళ్లు గట్టిపడుతున్నాయి. బోరు నీటిని ల్యాబ్‌కు పంపి కాల్షియం, మెగ్నీషియం, ఇనుము, సోడియం, క్లోరైడ్, ఫ్లోరైడ్ చూపించండి. వానాకాలం రిపోర్టు ఒక్కటే పట్టుకుని డిజైన్ చేయకండి. మే నెలలో బోరు అడుగు నీళ్లు తోడుతున్నప్పుడు అంకెలు వేరుగా ఉంటాయి.

ఇనుము లీటరుకు 0.3 మి.గ్రా. దాటితే రెజిన్ ఎర్రబడి మూసుకుపోతుంది. ముందు గాలి పట్టించి, ఫిల్టర్ చేసే ఏర్పాటు పెట్టుకోవాలి. క్లోరిన్ కలపడం సాఫ్ట్‌నర్‌కు ముందే జరుగుతుంటే దాన్ని తర్వాతకు మార్చండి. ఈ ఒక్క పని రెజిన్ ఆయుష్షును ఏళ్ల తరబడి పెంచుతుంది.

2. పాత రెజిన్ నిజంగా పోయిందా?

పాత ప్లాంటు ఎంత పని చేస్తోందో ఇలా లెక్కేయండి: ఒక సైకిల్‌లో వచ్చిన మెత్తటి నీళ్లు (ఘనపు మీటర్లు) × తగ్గిన కఠినత్వం (మి.గ్రా.) ÷ రెజిన్ లీటర్లు. జవాబు లీటరు రెజిన్‌కు గ్రాముల్లో వస్తుంది. ఉదాహరణకు 60 × 490 ÷ 1,200 = 24.5 గ్రా. బాగున్న రెజిన్ లీటరుకు 120 గ్రాముల ఉప్పుతో దాదాపు 50 గ్రాములు తీయాలి. అంటే ఈ ప్లాంటు సగమే పనిచేస్తోంది.

ఇప్పుడు ట్యాంకు మధ్య లోతు నుంచి గుప్పెడు రెజిన్ తీయండి. పైపొర నుంచి తీస్తే మోసపోతారు. బ్యాక్‌వాష్‌లో నుసి, విరిగిన గింజలు పైకే చేరతాయి కాబట్టి అక్కడ బాగున్న రెజిన్ కూడా చెడ్డదిగా కనబడుతుంది. భూతద్దంలో చూడండి:

- ఐదింట ఒక వంతుకు మించి గింజలు విరిగి ఉంటే మార్చాల్సిందే.
- వేళ్ల మధ్య నలిపితే గింజ మెత్తగా చితికిపోతుంటే క్లోరిన్ తినేసింది. ల్యాబ్‌లో తేమ కొలిపించండి. కొత్త రెజిన్‌లో 45 శాతం అటూఇటూగా ఉంటుంది, 55 దాటితే పని అయిపోయినట్టే.
- గింజలు గట్టిగానే ఉండి ఎర్రగా ఉంటే అది ఇనుము. బకెట్‌లో కొంచెం రెజిన్ వేసి సిట్రిక్ యాసిడ్ ద్రావణంలో రాత్రంతా నానబెట్టండి. రంగు దిగితే కడిగి వాడుకోవచ్చు. సల్ఫ్యూరిక్ యాసిడ్ మాత్రం వద్దు. రెజిన్‌లోని కాల్షియంతో కలిసి జిప్సంలా గింజల మధ్య గడ్డకడుతుంది, ఇక వదలదు.
- గింజలు బాగానే ఉంటే రెజిన్‌ది తప్పు కాదు. 4, 5 దశలకు వెళ్లండి.

3. లెక్క వేయండి

సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీటిలో 10 మి.గ్రా. కఠినత్వం మిగులుతుందనుకుందాం. 200 రావాలంటే బోరు నీళ్లు ఎంత వంతు కలపాలి? (200 − 10) ÷ (500 − 10) = 0.39. అంటే 39 శాతం బైపాస్‌లో (సాఫ్ట్‌నర్‌ను తాకని పక్క పైపులో), 61 శాతం సాఫ్ట్‌నర్ గుండా వెళ్లాలి. గంటకు మొత్తం 31.2 ఘనపు మీటర్లలో సాఫ్ట్‌నర్‌కు 19.1, బైపాస్‌కు 12.1.

రోజుకు తీయాల్సిన కఠినత్వం: 500 × 300 గ్రా. = 150 కిలోలు.
ఒక ట్యాంకు ఒక సైకిల్‌లో తీసేది: 1,200 × 50 గ్రా. = 60 కిలోలు, అంటే 122 ఘనపు మీటర్ల నీళ్లు.
అంచు దాకా నడపకుండా మీటరును 100 ఘనపు మీటర్లకు సెట్ చేస్తే రోజుకు మూడు రీజనరేషన్లు.
ఒక్కోదానికి ఉప్పు: 1,200 × 0.12 = 144 కిలోలు. రోజుకు 430 కిలోలు. నెలకు 13 టన్నులు.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగండి. టెండరు కాగితాల్లో ట్యాంకు మందం మొదలుకొని పెయింటు రంగు దాకా అన్నీ ఉంటాయి కానీ నెలకు 13 టన్నుల ఉప్పు ఎవరు తెస్తారు, ఎక్కడ దాస్తారు, ఎవరు పోస్తారు అన్నది ఉండదు. ఉప్పు బడ్జెట్ లేని ప్లాంటు ఆరు నెలల్లో బైపాస్ మీద నడుస్తుంది.

ఉప్పు ఎక్కువ పోస్తే ఎక్కువ పని అవుతుంది కదా అంటే, అవుతుంది, కానీ లాభం తగ్గుతూ పోతుంది. లీటరు రెజిన్‌కు 96 గ్రా. ఉప్పుతో సుమారు 45 గ్రా., 160తో 56, 240తో 68 గ్రాముల కఠినత్వం పోతుంది. ఉప్పు రెండున్నర రెట్లు చేస్తే పని ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. కలిపి పంపే పట్టణ ప్లాంటుకు 100–120 మధ్య ఉంచడమే మేలు. కిందినుంచి పైకి రీజనరేట్ చేసే పద్ధతిలో ఉప్పు ఇంకా తగ్గుతుందన్నది నిజమే. కానీ రెజిన్ కదలకుండా పట్టి ఉంచే ఏర్పాటు, శుభ్రమైన నీళ్లు, శిక్షణ ఉన్న ఆపరేటరు దానికి కావాలి. 200కు కలిపి పంపేటప్పుడు అంత నాజూకు పని అక్కర్లేదు.

4. ట్యాంకు లోపల

హెచ్చరిక: ట్యాంకులోకి మనిషి దిగేముందు గంటసేపు బ్లోయరుతో గాలి కొట్టండి, ఆక్సిజన్ మీటరుతో చూడండి, నడుముకు తాడు కట్టండి, పైన ఒక మనిషి కదలకుండా ఉండాలి. నేల మీద రాలిన రెజిన్ గింజల మీద కాలు పెడితే గచ్చు మీద ఆవాలు పోసినట్టే, జారి పడతారు. రాలినవి వెంటనే ఊడ్చేయండి.

పాత రెజిన్, రాళ్లు మొత్తం తీసేశాక అడుగు పైపులను ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూడండి. ఒక్క నాజిల్ విరిగినా రెజిన్ ఊళ్లోకి పోతుంది. ఉక్కు ట్యాంకైతే రబ్బరు లైనింగుకు స్పార్క్ టెస్టు (రంధ్రాలు పట్టే కరెంటు పరీక్ష) చేయించండి. బుడగలు, అతుకుల దగ్గర పగుళ్లు ఉంటే ముందు అతుకు వేయించాలి. ఎఫ్‌ఆర్‌పీ ట్యాంకుకు మారుతుంటే పైన గాలి వాల్వు, వ్యాక్యూమ్ బ్రేకర్ తప్పనిసరి. పైపులో నీళ్లు ఒక్కసారిగా వెనక్కి లాగితే ఆ ట్యాంకు లోపలికి నలిగిపోతుంది. పని అయ్యాక నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లతో నీటి పరీక్ష చేయండి.

అడుగున గులకరాళ్లు వేసే డిజైన్ అయితే, వేసేముందు నాలుగు రాళ్ల మీద యాసిడ్ చుక్క వేయండి. నురగ వస్తే అది సున్నపురాయి. ఆ లోడు తిప్పి పంపండి. సున్నపురాయి పరిచిన ట్యాంకులో మెత్తబడిన నీళ్లు కిందికి దిగేసరికి మళ్లీ గట్టిపడతాయి, ఎన్నాళ్లు వెతికినా కారణం దొరకదు.

5. ఉప్పు వ్యవస్థ

ఎక్కువ ప్లాంట్లు చెడేది ఇక్కడే.

నిండా కరిగిన ఉప్పు నీటిలో లీటరుకు సుమారు 317 గ్రా. ఉప్పు ఉంటుంది. 144 కిలోలకు 455 లీటర్లు కావాలి. కొలత ట్యాంకు మీద ఆ మట్టం దగ్గర ఎర్ర గీత పెట్టండి. ఎడక్టరు దీన్ని మూడింతలకు పలచన చేసి, 10 శాతం ద్రావణంగా 1,350 లీటర్లను 35 నిమిషాల్లో రెజిన్ గుండా పంపాలి. అంటే కొలత ట్యాంకులో మట్టం నిమిషానికి 13 లీటర్లు తగ్గాలి. వాచీ పట్టుకుని చూడండి. పది నిమిషాల్లోనే ఖాళీ అయితే ఉప్పు రెజిన్‌ను తాకకుండానే కాలవలోకి పోయింది. గంట పడితే ఎడక్టరు ముందు ఒత్తిడి చాలడం లేదు, లేదా పీల్చే పైపులో గాలి పడుతోంది, లేదా నాజిల్‌లో చెత్త ఇరుక్కుంది.

హైడ్రోమీటరు: కరిగించే తొట్టిలో 1.20 చూపించాలి, రెజిన్‌లోకి వెళ్లే పైపు శాంపిల్‌లో 1.07. తొట్టిలో 1.15 కంటే తక్కువ ఉంటే ఉప్పు అడుగంటింది, లేదా పైన గట్టి పెంకు కట్టి కింద ఖాళీ అయింది. కర్రతో పొడిచి చూడండి, పెంకైతే డొల్ల చప్పుడు వస్తుంది.

ఉప్పు రకం గురించి రెండు మాటలు. చినగంజాం వైపు కొటార్ల నుంచి వచ్చే కల్లుప్పు చవక, కానీ కడగని ఉప్పులో మట్టి, కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. తీయాలనుకున్నదాన్నే మీరు తిరిగి పోస్తున్నట్టు. కడిగిన కల్లుప్పు అడగండి, ల్యాబ్ రిపోర్టులో సోడియం క్లోరైడ్ 98 శాతానికి తగ్గకూడదు. మెత్తటి పొడి ఉప్పు వద్దు, అది తొట్టిలో రాయిలా గడ్డకడుతుంది. తొట్టి అడుగున గులకరాళ్ల పొర వేసి, మట్టి తీయడానికి నెలకోసారి ఖాళీ చేయండి.

కరెంటు ప్యానెల్‌ను ఉప్పు గదిలో పెట్టకండి. ఏడాదికే కాంటాక్టర్లు పచ్చగా మారతాయి.

6. రెజిన్ పోయడం

వేసవిలో ఈ పని పెట్టుకోకండి. నవంబరు నుంచి జనవరి మధ్య మంచిది. ఒక ట్యాంకు నడుస్తుండగా రెండోది విప్పండి. వార్డుల్లో ముందురోజే టాంటాం వేయించండి.

ట్యాంకులో సగం నీళ్లు నింపి, పై మ్యాన్‌హోల్ నుంచి సంచులు గుమ్మరించండి. పొడి ట్యాంకులో పోస్తే నాజిళ్లు విరుగుతాయి. సంచి విప్పినప్పుడు రెజిన్ ఎండిపోయి ఉంటే నేరుగా నీళ్లు పోయకండి, గింజలు పగులుతాయి. నిండా ఉప్పు కరిగించిన నీటిలో ముందు నానబెట్టి, తర్వాత మెల్లగా పలచన చేయండి. లెక్క ఎప్పుడూ లీటర్లలోనే: 1,200 లీటర్లకు రెజిన్ 1.06 మీటర్ల ఎత్తు వస్తుంది. పైన కనీసం 80 సెం.మీ. ఖాళీ మిగలాలి. బ్యాక్‌వాష్‌లో రెజిన్ పొంగే చోటు అది. "ఖాళీ ఎందుకు, ఇంకో పది సంచులు పోద్దాం" అనే సలహా వింటే ఆ పది సంచులూ మొదటి నెలలోనే డ్రైన్‌లోకి పోతాయి.

తర్వాత అరగంట బ్యాక్‌వాష్, డ్రైన్ నీళ్లు తేటపడేదాకా. కొత్త రెజిన్ మొదట పసుపు-గోధుమ రంగు వదులుతుంది. ఆ నీళ్లు ఊరికి పంపకండి. మొదటి రీజనరేషన్‌ను మామూలు ఉప్పుకు రెట్టింపుతో చేయండి. అదే దశలో ఉప్పు నీటిలో 5 శాతం హైపోక్లోరైట్ ఒకటిన్నర లీటరు కలిపితే క్రిములు పోతాయి. ఆ తర్వాత బాగా కడగాలి. కోలిఫాం (నీటి కాలుష్యం తెలిపే బ్యాక్టీరియా) పరీక్ష ఫలితం వచ్చాకే ఆ ట్యాంకును సరఫరాకు కలపండి.

7. కంట్రోలరు సెట్టింగులు

గడియారం ప్రకారం కాకుండా మీటరు ప్రకారం రీజనరేషన్ మొదలవ్వాలి. కరెంటు కోతలతో పంపు ఎనిమిది గంటలే నడిచిన రోజున గడియారం ఉప్పును ఊరికే కాలవపాలు చేస్తుంది.

- బ్యాక్‌వాష్: గంటకు 17 ఘనపు మీటర్ల చొప్పున 10 నిమిషాలు. సైట్ గ్లాసులో (ట్యాంకు లోపల కనబడే అద్దంలో) రెజిన్ సగం ఎత్తు పెరగాలి. మన ఎండలకు నీళ్లు వెచ్చగా, పలచగా ఉంటాయి కాబట్టి చలిదేశాల బ్రోచర్లలో రాసిన వేగం ఇక్కడ చాలదు.
- ఉప్పు: 35 నిమిషాలు.
- నెమ్మది కడుగు: ఉప్పు వెళ్లిన వేగంతోనే 2,400 లీటర్లు, సుమారు గంట. సమయం మిగుల్చుకోవాలని దీన్ని తగ్గించేవాళ్లే ఎక్కువ. ఉప్పు చేసే పనిలో చివరి భాగం ఈ దశలోనే జరుగుతుంది.
- వేగపు కడుగు: సర్వీసు (నీళ్లు సరఫరా చేసే) వేగంతో 12 నిమిషాలు.

మొత్తం రెండు గంటలు. రెండు ట్యాంకులూ ఒకేసారి రీజనరేషన్‌కు వెళ్లకుండా ఇంటర్‌లాక్ ఉండాలి. ఉప్పు దశ మధ్యలో కరెంటు పోతే మల్టీపోర్ట్ వాల్వు ఉన్నచోటే నిలిచిపోతుంది. అందుకే బయటికెళ్లే పైపు మీద కరెంటు లేకపోతే తనంతట మూసుకునే వాల్వు పెట్టండి, కంట్రోలరుకు యూపీఎస్ ఇవ్వండి. డబ్బు చాలకపోతే ఆటోమేటిక్ మానేసి చేతి వాల్వులే ఉంచుకోండి, మీటరు మాత్రం మానకండి. వాల్వులకు అంకెలు రాసి, ఏ దశలో ఏవి తెరవాలో గోడ మీద పెయింటుతో రాయించండి.

8. కలపడం, క్లోరిన్

రెండు రోటామీటర్లు 19.1, 12.1 చూపేలా గ్లోబ్ వాల్వు తిప్పి, హ్యాండిల్ తీసి తాళం వేయండి. క్లోరిన్‌ను ఈ రెండు నీళ్లూ కలిసిన తర్వాతి పైపులోనే వేయండి. చివరి వీధి కుళాయిలో కనీసం 0.2 మి.గ్రా. క్లోరిన్ మిగలాలి.

మొదటిరోజే 200కు దించకండి. ఏళ్ల తరబడి గట్టి నీళ్లు పారిన పైపుల్లో పొరలు పేరుకుని ఉంటాయి. నీటి గుణం ఒక్కసారిగా మారితే అవి ఊడి, కుళాయిల్లో ఎర్రనీళ్లు వస్తాయి. మొదటి వారం 400, రెండోవారం 300, తర్వాత 200. ప్రతి మెట్టు దగ్గరా పైపుల చివర్లు తెరిచి నీళ్లు వదలండి.

9. వాడిన ఉప్పు నీళ్లు

ఒక్కో రీజనరేషన్‌కు డ్రైన్‌లోకి సుమారు 10.5 ఘనపు మీటర్లు పోతాయి. దాన్ని రెండుగా విడగొట్టండి. బ్యాక్‌వాష్, వేగపు కడుగు నీళ్లు 6.5–7 ఘనపు మీటర్లు. ఇందులో ఉప్పు తక్కువ, తేర్చి తిరిగి వాడుకునే ఏర్పాటు చేయొచ్చు. ఉప్పు దశ, నెమ్మది కడుగు కలిపి 3.75. ఇదే అసలు బెడద, రోజుకు 11 ఘనపు మీటర్లు.

దాన్ని మురుగు కాలవలో వదిలితే? రోజుకు 430 కిలోల ఉప్పులో క్లోరైడ్ 260 కిలోలు. ఆ వార్డుల మురుగు రోజుకు 400 ఘనపు మీటర్లు అనుకుంటే లీటరుకు 650 మి.గ్రా. క్లోరైడ్ అదనంగా చేరుతుంది. ఆ మురుగుతో గడ్డి, కూరగాయలు పండించే రైతులు కింద ఉంటే వాళ్ల పొలాలు చవుడు బారతాయి. చెరువులోకి, పాత బోరులోకి అస్సలు వదలకూడదు. ప్లాస్టిక్ పొర పరిచిన మడుగులో ఎండబెట్టడం ఒక దారి. ఏడాది సగటున రోజుకు నికరంగా 4 మి.మీ. ఆవిరైతే 2,750 చదరపు మీటర్లు కావాలి, అంటే 68 సెంట్లు, తెలంగాణ లెక్కలో 27 గుంటలు. వానాకాలానికి నిల్వ చోటు అదనం. ఈ స్థలం, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి చేతికి రాకముందే సామాన్లకు ఆర్డరు పెట్టకండి. స్థలం దొరక్కపోతే లక్ష్యాన్ని 200 నుంచి 300కు మార్చి చూడండి. ఉప్పు, వ్యర్థం రెండూ మూడో వంతు తగ్గుతాయి. 600 లోపే కాబట్టి వేరే వనరు లేని ఊరికి అది నిబంధనకు లోబడే ఉంటుంది.

పని సరిగా జరిగిందో లేదో చూడటం

టీడీఎస్ (నీటిలో కరిగిన మొత్తం లవణాల) మీటరుతో చూడకండి. ఇంత స్పష్టంగా చెప్పాల్సి రావడానికి కారణం, దాదాపు ప్రతి ప్లాంటులోనూ ఈ పొరపాటు కనబడటమే. సాఫ్ట్‌నర్ టీడీఎస్‌ను తగ్గించదు. కాల్షియం పోయి సోడియం వస్తుంది కాబట్టి అంకె కాస్త పెరుగుతుంది కూడా. "టీడీఎస్ తగ్గలేదు, ప్లాంటు పనిచేయట్లేదు" అని బిల్లు ఆపినవాళ్లూ ఉన్నారు, ఆర్ఓ నీటి రీడింగు చూపించి బిల్లు తీసుకున్నవాళ్లూ ఉన్నారు.

సరైన పరీక్ష ఇది: 50 మి.లీ. నీళ్లు, పీహెచ్ 10 బఫర్ 1 మి.లీ., చిటికెడు ఎరియోక్రోమ్ బ్లాక్ టీ. రంగు ద్రాక్షసారా ఎరుపులోకి వస్తుంది. 0.01 మోలార్ ఈడీటీఏ చుక్కచుక్కగా వేయండి, శుద్ధ నీలం రాగానే ఆపండి. పట్టిన మి.లీ.లను 20తో గుణిస్తే కఠినత్వం. సాఫ్ట్‌నర్ నీటికి అర మి.లీ. కంటే తక్కువ పట్టాలి, కలిపిన నీటికి 10 మి.లీ. దగ్గర. ఇండికేటరు పాతబడితే రంగు మారే చోటు మసకబారుతుంది, ప్రతి మూడు నెలలకు కొత్తది తెప్పించండి.

ఈ పరీక్షకు మాత్రం 100 దగ్గర ఆపకుండా వరుసగా ఐదు సైకిళ్లు ఇలా కొలిచి, ప్రతి సైకిల్‌లో 122 ఘనపు మీటర్ల దాకా నీళ్లు మెత్తగా వచ్చాయని రాసుకున్నాకే చివరి బిల్లు పాస్ చేయండి. "లీటరు రెజిన్‌కు 120 గ్రాముల ఉప్పుతో 50 గ్రాములు" అన్న హామీని టెండరులోనే రాయించుకోండి. లేకపోతే గుత్తేదారు పరీక్షరోజు రెట్టింపు ఉప్పు పోసి పాస్ చేయించుకుంటాడు.

తరచూ ఎదురయ్యే తప్పులు, కారణాలు

రీజనరేషన్ అయిన వెంటనే నీళ్లు గట్టిగా ఉంటే: బైపాస్ వాల్వు ఉండాల్సినదానికంటే ఎక్కువ తెరుచుకుని ఉంది, లేదా మల్టీపోర్ట్ లోపలి ఓ-రింగు పోయింది. కలిసే చోటుకు ముందున్న కుళాయిలో, తర్వాతి కుళాయిలో విడిగా కొలిస్తే తేడా తెలుస్తుంది. రెండూ బాగుంటే ఉప్పు నాణ్యత చూడండి.

మొదట బాగుండి, 50–60 ఘనపు మీటర్లకే గట్టిపడితే: ఉప్పు తక్కువ పోతోంది, లేదా రెజిన్‌లో దారులు పడ్డాయి. మ్యాన్‌హోల్ తీసి చూడండి. పైభాగం చదునుగా కాకుండా గుంటలు, గుట్టలుగా ఉంటే బ్యాక్‌వాష్ చాలడం లేదు.

ఒత్తిడి తేడా కొత్తలో ఉన్నదానికంటే చదరపు సెం.మీ.కు 0.5 కిలోలు పెరిగితే: నుసి పేరుకుంది. అరగంట బ్యాక్‌వాష్ ఇచ్చినా దిగకపోతే అడుగు నాజిళ్లు మూసుకుపోయి ఉంటాయి.

నీళ్లు ఉప్పగా ఉన్నాయని ఫిర్యాదు వస్తే: నెమ్మది కడుగు తగ్గించారు, లేదా కరెంటు పోయినప్పుడు ఉప్పు సర్వీసు పైపులోకి జారింది. ఇక్కడ టీడీఎస్ మీటరు పనికొస్తుంది: కడుగు చివర రీడింగు బోరు నీటికి దగ్గరగా వచ్చాకే ట్యాంకును సర్వీసుకు కలపాలి.

రెజిన్ ట్రాప్‌లో తేనెరంగు గింజలు కనబడితే ఆ ట్యాంకును ఆ క్షణమే ఆపండి. విరిగిన నాజిల్‌తో ఒక రాత్రి నడిపితే ఉదయానికి ఊరి మీటర్లన్నీ గింజలతో నిండుతాయి.

రెజిన్ మట్టం ఏటా కొద్దిగా తగ్గడం మామూలే. సైట్ గ్లాసు పక్కన తేదీతో గీత గీసి ఉంచి, 5 సెం.మీ. దిగగానే రెండు మూడు సంచులు కలపండి. నెలకే అంత దిగితే బ్యాక్‌వాష్ వేగం ఎక్కువైంది, డ్రైన్ చివర గుడ్డ కట్టి పది నిమిషాలు చూడండి. అందులో గుండ్రటి నిండు గింజలు పడితే వాల్వు తగ్గించండి, నుసి మాత్రమే పడితే అలాగే వదిలేయండి.